1787 కేథరీన్ 5 కోపెక్కుల రాగి నాణెం: బరువు తక్కువ ఉంది, నకిలీయేనా?

కాకినాడ_రాగి
జర్మనీలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న సెలవులకి వచ్చినప్పుడు నాకోసం రష్యా రాగి నాణెం ఒకటి పట్టుకొచ్చాడు. రష్యా రాణి కేథరీన్ కాలంది, 5 కోపెక్కులు, 1787 సంవత్సరం, రెండు తలల గద్దకి అటూ ఇటూ ఈఎం అక్షరాలు. ఇంత పెద్ద రాగి నాణెం నేను ఇంతవరకూ ముట్టుకోలేదు, బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయలు నాలుగు కలిపి పట్టుకున్నంత బరువు. కానీ చదివిన ప్రతిచోటా దీని బరువు 51 గ్రాములు అని ఉంది. బంగారం కొట్టు కాటా మీద తూయిస్తే 46.8 వచ్చింది. నాలుగు గ్రాములకి పైగా తేడా అంటే మామూలు విషయం కాదు కదా, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఫొటోలు పెట్టాను చూడండి. ఇంకోటి, నాణెం బాగా నల్లబడింది, గద్ద రెక్కల సందుల్లో పచ్చగా ఏదో ఉంది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందని అమ్మ అంటోంది. తోమెయ్యనా?

ఎర్రగడ్డ_ఆదివారం
తోమొద్దు!!

పాతచిల్లర_గుంటూరు
తోమకు తమ్ముడూ, దండం పెడతాను.

సోమయాజి_మాస్టారు
ఎందుకంత కంగారు? మా ఇంట్లో రాగి చెంబులు తరతరాలుగా చింతపండుతోనే తోముతున్నారు, ఒక్కటీ పాడవలేదు. నా దగ్గరున్న నిజాం పైసలన్నీ అలాగే శుభ్రం చేశాను. అక్షరాలు స్పష్టంగా కనపడితేనే కదా నాణెం చూడబుద్ధేసేది.

కెమిస్ట్రీ_సుజాత
మాస్టారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, చెంబు వేరు నాణెం వేరు. చెంబు మీద ఏటా ఒక పొర పోయినా నీళ్లు నిలుస్తాయి. నాణెంలో ఉన్నదంతా ఆ పైపొరలోనే. రాగి గాలి తగిలి మొదట ఎర్రటి ఆక్సైడ్ అవుతుంది, దానిమీద గోధుమ రంగు, నలుపు పొరలు కడతాయి. రెండు వందల ఏళ్లకి పైగా కట్టిన ఆ పొర గట్టిగా, నున్నగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది ఆక్సైడ్‌ని కరిగించేస్తుంది. తర్వాత మిగిలేది గులాబీ రంగులో, సన్నటి గుంటలతో ఉన్న పచ్చి రాగి. అది వారంలోనే మళ్లీ మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, ఈసారి సమానంగా కాదు. కొనేవాళ్లు చూడగానే పట్టేస్తారు. నిమ్మకాయ, వెనిగర్, టూత్‌పేస్ట్, బూడిద, పీతాంబరి పొడి, వేటికీ మినహాయింపు లేదు.

సోమయాజి_మాస్టారు
అమ్మేవాళ్లకి మీ లెక్క. నేను అమ్మను, నాకు మెరవాలి.

తూకం_తెనాలి
బరువు సంగతి నేను చెబుతాను, ఇది నాకిష్టమైన విషయం. 51 గ్రాములు అనేది ఒక్కో నాణేనికి తూచి పెట్టిన బరువు కాదు, లెక్కకట్టి తీసిన సగటు. అప్పటి రష్యా చట్టం ఏం చెప్పిందంటే, ఒక పూద్ (పాత రష్యా తూకం) రాగిలోంచి 16 రూబుళ్ల విలువైన నాణేలు కొట్టాలి. పూద్ అంటే సుమారు 16.38 కిలోలు. 16 రూబుళ్లంటే 1600 కోపెక్కులు. భాగిస్తే కోపెక్కుకి 10.24 గ్రాములు, ఐదు కోపెక్కులకి 51.2. టంకశాలలో చూసుకున్నది పూద్‌కి ఎన్ని నాణేలు వచ్చాయన్నదే, ఒక్కోదాన్నీ కాటాలో పెట్టలేదు. బంగారం, వెండి అయితే ఒక్కొక్కటీ తూచేవాళ్లు, రాగికి అంత ఓపిక ఎవరికి? అందుకే ఈ నాణేల్లో 45కి దిగినవీ ఉన్నాయి, 55 దాటినవీ ఉన్నాయి. 46.8 చూసి నకిలీ అనడానికి లేదు.

కాకినాడ_రాగి
హమ్మయ్య. అయితే నిజమైనదే అంటారా?

తూకం_తెనాలి
అలా అనలేదు. బరువుని బట్టి నకిలీ అని తేల్చలేం, అసలు అని కూడా తేల్చలేం. అంచు ఫొటో పెట్టు. వ్యాసం కొలిచి చెప్పు.

పాతచిల్లర_గుంటూరు
1787 అన్నావు కాబట్టి అడుగుతున్నా, కిరీటం దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి పెట్టగలవా? స్వీడన్ నకిలీ అయ్యే అవకాశం ఉంది.

ఎర్రగడ్డ_ఆదివారం
స్వీడనా?? రష్యా నాణేనికి స్వీడన్‌కి ఏం సంబంధం?

పాతచిల్లర_గుంటూరు
1788 నుంచి 1790 దాకా రష్యాకీ స్వీడన్‌కీ యుద్ధం జరిగింది. అప్పుడు స్వీడన్ రాజు మూడో గుస్తావ్. శత్రుదేశం డబ్బు తామే కొట్టి ఖర్చు పెడితే రెండు లాభాలు కదా. స్వీడన్‌లో అవెస్టా అనే ఊళ్లో పెద్ద రాగి కర్మాగారం, టంకశాల ఉన్నాయి. అక్కడ కేథరీన్ 5 కోపెక్కుల నాణేలు దొంగగా కొట్టారు. వాటిమీద వేసిన సంవత్సరాలు 1764, 1778, 1787, అక్షరాలు ఈఎం. స్వీడన్‌లో రాగికి కొదవలేదు, పనివాళ్లు మంచివాళ్లు, కాబట్టి చాలా బాగా వచ్చాయి. దొరికిపోయింది ఎక్కడంటే కిరీటం దగ్గర. రష్యా నాణెం మీద రాణి పేరు అక్షరం పైన సామ్రాజ్య కిరీటం ఉంటుంది, అవెస్టా వాళ్లు తమకి అలవాటైన రాజకిరీటం తీరులో చెక్కారు. గద్ద ఈకల గీతల్లో కూడా తేడా తెలుస్తుంది.

కాకినాడ_రాగి
అంటే నాది స్వీడన్‌ది అయితే డబ్బులు పోయినట్టేనా?

పాతచిల్లర_గుంటూరు
పోవడం ఏంటి తమ్ముడూ, అవెస్టా అయితే నీ పంట పండినట్టే. ఇప్పుడు అసలు దానికంటే అదే ఎక్కువ పలుకుతుంది. యెకాతెరిన్‌బర్గ్ టంకశాల 5 కోపెక్కులు కుప్పలు తెప్పలుగా కొట్టింది, మామూలు సంవత్సరాలవి ఎక్కడైనా దొరుకుతాయి. ఈఎం అంటే ఆ ఊరే.

ఎర్రగడ్డ_ఆదివారం
నకిలీది అసలు కంటే ఎక్కువ రేటు పలికే చోటు లోకంలో ఇదొక్కటే అనుకుంటా 😀

భీమిలి_బీచ్
అది సరే, ఈ రెండు తలల పక్షి మన గండభేరుండమేగా? అచ్యుతదేవరాయల వరహాల మీద ఉంటుంది. విజయనగరం నుంచి రష్యాకి వెళ్లిందా?

తూకం_తెనాలి
లేదు అన్నా. రష్యాలో అది మాస్కో పాలకుడు మూడో ఇవాన్ కాలం నుంచి ఉంది, ఆయన 1497 నాటి ముద్ర మీద కనిపిస్తుంది. అచ్యుతరాయలు రాజైందే 1529లో. రష్యన్లది బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వైపు నుంచి వచ్చిందంటారు. మన గండభేరుండం కాళ్లతో, ముక్కులతో ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది, దీని దారి వేరు, దాని దారి వేరు.

భీమిలి_బీచ్
పోనీలెండి, ఏనుగులున్నది మనదే గొప్ప.

డాలస్_వెంకట్
నాకు ఎప్పట్నుంచో ఒక సందేహం. ఇంత బరువు నాణెం ఎందుకు కొట్టారసలు? జేబులో పది వేసుకుంటే అరకిలో. చిన్నగా కొట్టి దానిమీదే 5 అని వేస్తే సరిపోయేది కదా, ఇప్పుడు అందరూ చేస్తున్నది అదేగా.

తూకం_తెనాలి
అదీ చేసి చూశారు, దెబ్బతిన్నారు. 1723 నుంచి 1730 దాకా కొట్టిన 5 కోపెక్కులు పూద్‌కి 40 రూబుళ్ల లెక్కన కొట్టారు, ఒక్కోటి 20 గ్రాములే. మీద శిలువలాంటి గీతల మధ్య అక్షరాలు ఉంటాయి. అప్పట్లో పూద్ రాగి ధర 10 రూబుళ్లు కూడా లేదు. అంటే పది రూబుళ్లలోపు రాగి కొని కొలిమి పెట్టుకున్నవాడికి నలభై రూబుళ్లు చేతికొస్తాయి. ఊరుకుంటారా? దేశం లోపలా బయటా దొంగ నాణేలు కొట్టి పారేశారు. చివరికి రష్యా రాణి ఎలిజబెత్ కాలంలో వాటి విలువ 5 నుంచి 4కి, 3కి, 2కి మెట్లు మెట్లుగా దించుకుంటూ వచ్చి 1755 నుంచి వాటినే మళ్లీ అచ్చులో పెట్టి ఒక్క కోపెక్కుగా కొట్టారు. మబ్బుల్లో గద్ద ఉండే కోపెక్కులు అవే. బాగా చూస్తే చాలావాటి మీద కింద పాత శిలువ గీతలు కనపడతాయి. ఆ దెబ్బ తర్వాత 1757లో షువలోవ్ అనే మంత్రి సలహాతో పూద్‌కి 16 రూబుళ్ల లెక్క పెట్టారు. లోహం విలువకి, మీద రాసిన విలువకి మరీ అంత తేడా లేకపోతే దొంగకి గిట్టదు. బరువు వెనక ఉన్న కథ అదీ.

కెమిస్ట్రీ_సుజాత
దానికి ముందు ఇంకో పెద్ద గొడవ ఉంది. 1654లో రష్యా జార్ అలెక్సీ మిఖైలోవిచ్ పోలండ్ యుద్ధం ఖర్చులకి రాగి డబ్బు మొదలుపెట్టి, అది వెండితో సమానం అన్నాడు. పన్నులు మాత్రం వెండిలో కట్టమన్నాడు, జీతాలు రాగిలో ఇచ్చాడు. జనం నమ్మకం పోయింది, ధరలు ఆకాశానికంటాయి, 1662లో మాస్కోలో తిరుగుబాటు జరిగింది, 1663లో రాగి డబ్బు ఆపేశారు. మన తుగ్లక్ కథ మళ్లీ చదువుతున్నట్టే ఉంటుంది. తర్వాత జార్ మొదటి పీటర్ 1700లో చిన్న రాగి నాణేలు, 1704లో రాగి కోపెక్కు తెచ్చినప్పుడు జాగ్రత్తగా అడుగేయడానికి కారణం అదే. నూరు కోపెక్కులకి ఒక రూబుల్ అని దశాంశ పద్ధతిలో నాణేలు పెట్టింది కూడా ఆయనే.

డాలస్_వెంకట్
అయితే పెద్ద మొత్తాలు ఎలా మోసేవాళ్లు?

తూకం_తెనాలి
నువ్వే లెక్కేసుకో అన్నా. పూద్‌కి 16 రూబుళ్లయితే నూరు రూబుళ్ల రాగి 102 కిలోలు. వెయ్యి రూబుళ్లంటే టన్ను దాటుతుంది, బండి కట్టాలి. 1769లో కేథరీన్ కాగితం రూబుళ్లు తేవడానికి ఇదే పెద్ద కారణం. ఆ కాగితానికి హామీగా ఖజానాలో పెట్టడానికని 1770, 71లో సెస్ట్రోరెత్స్క్ అనే ఊళ్లో ఒక రాగి రూబుల్ ప్రయత్నించారు, ఒక్కటే దాదాపు కిలో బరువు, రెండున్నర సెంటీమీటర్ల మందం. అది చలామణిలోకి రాలేదు, నమూనాలతో ఆగిపోయింది. దానికి ముందు 1725-27లో యెకాతెరిన్‌బర్గ్‌లో చదరపు రాగి పలకలే డబ్బుగా కొట్టారు, స్వీడన్ వాళ్లని చూసి. రూబుల్ పలక 1.6 కిలోలు!

ఎర్రగడ్డ_ఆదివారం
దొంగ ఎత్తుకుపోదామన్నా నడుం పట్టేస్తుంది.

కజాన్_ఎంబీబీఎస్
ఇక్కడ కజాన్ మ్యూజియంలో పాత రాగి నాణేలు పెట్టారు, ఫొటోల్లో ఆ సైజు తెలియదు. మన వాళ్లెవరైనా ఇక్కడ సంతలో కొందామనుకుంటే ఒక మాట. వందేళ్లు దాటిన నాణేలు రష్యా నుంచి అనుమతి కాగితం లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. మా సీనియర్ ఒకతను బ్యాగ్‌లో వేసుకుని బయల్దేరితే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకున్నారు, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఫ్లైట్ టైమ్ దాకా కూర్చోబెట్టారు. సంతలో అమ్మేవాడు ఇదేం చెప్పడు.

డాలస్_వెంకట్
మన దగ్గరా అంతే. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. మా తాతగారి మచిలీపట్నం డబ్బులు నేను ఇక్కడికి తెచ్చుకోకపోవడానికి కారణం అదే, తెనాలిలో అన్నయ్య దగ్గరే ఉన్నాయి.

కాకినాడ_రాగి
వ్యాసం 42 మిల్లీమీటర్లు ఉంది. అంచు మీద వలలాగా అడ్డంగా నిలువుగా గీతలు. కిరీటం, అంచు ఫొటోలు కొత్తవి పెట్టాను. అయస్కాంతానికి అంటుకోలేదు.

పాతచిల్లర_గుంటూరు
కిరీటం రష్యాదే. మధ్యలో చీలిక, రెండు గుబ్బలు, పైన శిలువ స్పష్టంగా ఉన్నాయి. అవెస్టా కాదు. అంచు వల గీతలు కూడా సరిగానే ఉన్నాయి. పోతపోసిన నకిలీలకి అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, దాన్ని ఆకురాయితో అరగదీసినప్పుడు వల గీతలు ఆ మేర చెరిగిపోతాయి. నీదానికి అలాంటిదేం లేదు. నా ఉద్దేశంలో అసలైన యెకాతెరిన్‌బర్గ్ నాణెం.

తూకం_తెనాలి
నాదీ అదే మాట. ఒక్కటి చూడు, సంవత్సరం అంకెల వెనక ఇంకేమైనా పాత గీతలు తేలుతున్నాయా? డప్పులు, జెండాలు లాంటివి?

కాకినాడ_రాగి
లేవండీ. డప్పులెందుకు?

తూకం_తెనాలి
1762లో కేథరీన్ భర్త మూడో పీటర్ ఆరు నెలలే పాలించాడు. ఆ కాస్త సమయంలో ఎలిజబెత్ కాలపు 5 కోపెక్కుల మీదే డప్పులు, జెండాలు, ఫిరంగులున్న అచ్చు కొట్టించి 10 కోపెక్కులు చేశాడు. అతన్ని దించేసి వచ్చిన కేథరీన్ వాటినే మళ్లీ 5 కోపెక్కులుగా కొట్టించింది. అందుకే ఆ తొలి ఏళ్ల నాణేలు కొన్నిటి మీద ముగ్గురి గుర్తులూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నీ 1787 దానికి ఆ అవకాశం తక్కువ, అయినా అడగడం అలవాటు. చివర్లో మళ్లీ ఇదే జరిగింది. 1796లో కేథరీన్ తన పాత నాణేలని 10 కోపెక్కులుగా మార్చడం మొదలుపెట్టింది, ఆ ఏడాదే ఆవిడ చనిపోయింది, కొడుకు పావెల్ వచ్చి వాటిని తిరిగి 5గా కొట్టించాడు. అదీ తల్లి కాలపు పాత అచ్చులతో! కాబట్టి మీద 1793 అని ఉన్నా నిజంగా కొట్టింది 1797లో అయ్యుండొచ్చు. రాగి ఒక్కటే, రాజులు మారినప్పుడల్లా దానిమీద దెబ్బ పడుతూనే ఉంది. నేను ఈ నాణేలు వదలలేకపోవడానికి కారణం అదే.

భీమిలి_బీచ్
మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసేటప్పుడు రష్యన్ ఇంజినీర్లు ఇచ్చిన కోపెక్కులు మా ఇంట్లో డబ్బానిండా ఉన్నాయి. అవీ రాగివేనా?

పాతచిల్లర_గుంటూరు
సంవత్సరం 1961 తర్వాతవైతే చిన్నవి ఇత్తడి లాంటి మిశ్రమం, విలువ పెద్దగా ఉండదు. సోవియట్ కాలంలో నికార్సైన రాగి నాణేలంటే 1924, 25 ప్రాంతాల్లోవి. 1924 నాటి 5 కోపెక్కులు జార్ల కాలపు చివరి బరువుకే, 16 గ్రాములకే కొట్టారు, 1926 నుంచి అల్యూమినియం కలిపిన కంచుకి మారారు. డబ్బాలో 1925 నాటి 2 కోపెక్కులు గానీ కనపడితే వెంటనే ఇక్కడ చెప్పు, అది అరుదు.

కజాన్_ఎంబీబీఎస్
1961లో ఇంకో విశేషం. పాత పది రూబుళ్లకి కొత్త ఒక రూబుల్ చొప్పున డబ్బంతా మార్చారు కానీ 1, 2, 3 కోపెక్కుల పాత నాణేల్ని మాత్రం అదే విలువకి చెల్లనిచ్చారు. చిల్లర దాచుకున్నవాళ్లకి విలువ పది రెట్లయింది. మా హాస్టల్ వార్డెన్ బామ్మ ఇప్పటికీ చెబుతుంది.

అల్తాయ్_అభిమాని
ఆలస్యంగా వచ్చాను. అందరూ ఈఎం గురించే మాట్లాడుతున్నారు, సైబీరియా నాణేల ఊసే లేదేంటి? 1760ల నుంచి 1781 దాకా అల్తాయ్ గనుల ప్రాంతంలోని సుజున్ టంకశాలలో కొట్టారు. గద్ద ఉండదు, రెండు సేబుల్ జంతువులు (ముంగిసలా ఉండే బొచ్చు జంతువులు) డాలుని పట్టుకుని నిలబడతాయి, చుట్టూ సైబీరియా నాణెం అని రాసి ఉంటుంది. కొలివాన్ గనుల రాగిలో కాస్త వెండి, బంగారం కలిసి ఉండేవి, అప్పటి పద్ధతుల్లో విడదీస్తే ఖర్చు గిట్టదు. అందుకని ఆ విలువ కూడా కలిపి పూద్‌కి 25 రూబుళ్ల లెక్కన తేలిక నాణేలు కొట్టారు, సైబీరియాలోనే చెల్లేవి. వాటిలో 10 కోపెక్కులది 65 గ్రాములు. రష్యా రాగిలో అంతకంటే అందమైన నాణెం లేదు, ఎవరేమన్నా.

తూకం_తెనాలి
అందం సరే, మార్కెట్‌లో తిరిగే సైబీరియా 10 కోపెక్కుల్లో ఈమధ్య చేసిన నకిలీలు ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్ని చెప్పను.

అల్తాయ్_అభిమాని
తెలిసిన డీలర్ దగ్గర కొంటే ఇబ్బంది లేదు. నకిలీలున్నాయని మంచి నాణేన్ని వదిలేస్తామా?

తూకం_తెనాలి
మొదటి నాణెంగా వద్దు అంటున్నాను, అంతే.

కెమిస్ట్రీ_సుజాత
కాకినాడ తమ్ముడూ, అసలు సంగతి మర్చిపోయారందరూ. ఆ పచ్చ మచ్చలు గట్టిగా నున్నగా ఉన్నాయా, పొడిపొడిగా ఉన్నాయా? గోరు కాదు, వెదురు టూత్‌పిక్‌తో మెల్లగా ముట్టి చూడు.

కాకినాడ_రాగి
రెక్క కింద ఒక్కచోట లేత పచ్చ పొడిలా రాలింది మేడమ్. మిగతావి గట్టిగా ఉన్నాయి.

కెమిస్ట్రీ_సుజాత
గట్టివాటితో భయం లేదు. ఆ రాలిన చోటు చూసుకోవాలి. రాగిలో క్లోరైడ్ చేరితే గాలిలో తేమ, ఆక్సిజన్ తగిలినప్పుడల్లా కొద్దిగా ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇంకొంచెం రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడ్ తయారవుతుంది. తేమ ఉన్నంతకాలం ఆగదు. మీది సముద్రం ఊరు, గాలిలోనే ఉప్పు. ముందు ఆ పొడిని టూత్‌పిక్‌తో తీసెయ్. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు ఉంచు. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనే క్లోరిన్ ఉంటుంది. తీశాక బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టు. కొన్ని నెలలు గమనించు, మళ్లీ పొడి రాలితే అప్పుడు వేరే పద్ధతి చెబుతాను. ఇంకొకటి, మెత్తగా వంగే పీవీసీ కవర్లలో పెట్టొద్దు, అవి పాతబడితే జిగటగా పచ్చటి ద్రవం వదులుతాయి. మైలార్ (పాలిస్టర్) కవర్లు అని అడిగి కొను.

సోమయాజి_మాస్టారు
డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది బాబూ, వెతుక్కోనక్కర్లేదు. చింతపండు మీద నా అభిప్రాయం నాదే గానీ ఆ పొడి సంగతి మాత్రం అమ్మాయి చెప్పినట్టు చెయ్యి.

కాకినాడ_రాగి
అలాగే చేస్తాను మాస్టారూ. అమ్మకి చెప్పాను, చింతపండు చారులోకి వెళ్లిపోయింది. 46.8 చూసి తిప్పి పంపించేద్దామనుకుంటున్న టైమ్‌లో మీరంతా ఇంత చెప్పారు, చాలా థాంక్స్. తర్వాత ఏది కొనమంటారు?

పాతచిల్లర_గుంటూరు
జార్ మొదటి అలెగ్జాండర్ కాలం 2 కోపెక్కులు, 1810 తర్వాతవి. అప్పటికి పూద్‌కి 24 రూబుళ్లు చేశారు, 13 గ్రాములపైన ఉంటాయి. నెపోలియన్ మాస్కోకి వచ్చిన 1812 సంవత్సరం వేసినవి కూడా అందుబాటులోనే దొరుకుతాయి.

అల్తాయ్_అభిమాని
లేదా కేఎం అక్షరాలున్న 5 కోపెక్కులు. 1781 తర్వాత సుజున్‌లోనే కొట్టిన గద్ద నాణేలు. నీ ఈఎం పక్కన పెట్టి చూస్తే చెక్కడంలో తేడా తెలుస్తుంది.

నెల్లూరు_కొత్తవాడు
నా దగ్గర 1840 అని ఉన్న 3 కోపెక్కులు ఉంది, చాలా బరువు, మీద వెండితో అని రాసి ఉందని మా ఫ్రెండ్ చదివి చెప్పాడు కానీ చూస్తే రాగిలా ఉంది. వెండిదా?

తూకం_తెనాలి
రాగిదే. జార్ మొదటి నికొలాయ్ కాలంలో కాగితం రూబుల్ విలువ పడిపోయాక, ఈ రాగి కోపెక్కు వెండి రూబుల్‌లో నూరో వంతుకి చెల్లుతుందని చెప్పడానికి అలా రాశారు. బరువు 30 గ్రాముల దగ్గర ఉండాలి. వేరే చర్చ మొదలుపెట్టి రెండు వైపులా, అంచూ ఫొటోలు పెట్టండి, కింద టంకశాల అక్షరాలు ఏమున్నాయో కూడా రాయండి.